గ్లాసు మీద అరచెయ్యి

"కొంచెం జరిపితే ఏం పోద్దిరా?"

నా పనిలో ఈ మాట విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, నరసరావుపేటలో ఒక వీడియో స్టూడియోలో ఎడిటర్‌గా చేరాను. పెళ్లి వీడియోలో పురోహితుడు దగ్గితే ఆ దగ్గు కోసేసి మంత్రాన్ని వెనక్కి జరపమనేవారు. స్కూలు వార్షికోత్సవంలో పిల్లలు అడుగు తప్పితే పాటను జరిపి అడుగులు కలపమనేవారు. ఎమ్మెల్యే గారి సన్మానంలో చప్పట్లు ఆలస్యంగా పడితే ముందుకు లాగమనేవారు. ఇవన్నీ చేశాను. ఎవరికీ నష్టం లేని జరపడాలు. కానీ ఇదే మాటను ఇదే తేలిక గొంతుతో మా ఊరి గ్రామసభ వీడియో గురించి అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆ మంట చల్లారాక రాద్దామనుకున్నాను గానీ అది చల్లారేలా లేదు.

ముందు ఈ జరపడమంటే ఏమిటో చెప్పాలి. చెప్పకపోతే, జరిగింది ఎంత సులువుగా జరిగిందో అర్థం కాదు.

సభల్లో కెమెరా దూరంగా ఉంటుంది. దాని మైకుకు పక్కనున్న ఫ్యాను మోత, కుర్చీల రాపిడి, చంటిపిల్లల ఏడుపు తప్ప మాట సరిగా అందదు. అందుకని మాట కోసం వేరే రికార్డర్ పెడతాం. మైకుసెట్టు యాంప్లిఫయర్ నుంచి దానికి వైరు కలుపుతాం. అంటే బొమ్మ ఒక పెట్టెలో, మాట ఒక పెట్టెలో పడతాయన్నమాట. తర్వాత కంప్యూటర్లో రెండింటినీ ఒకదాని కింద ఒకటి పరిచి, ఏ మాట ఏ బొమ్మ మీద పడాలో సరిచూసి కలపాలి. దాన్నే మేం సింక్ చెయ్యడం అంటాం. కలపడానికి గుర్తు ఒకటి కావాలి. మొదట్లో కెమెరా ముందు నిలబడి గట్టిగా ఒక చప్పట కొడతాం. అరచేతులు కలిసిన బొమ్మనూ, 'టప్' అన్న శబ్దాన్నీ ఒకే చోటికి తెస్తే ఆ తర్వాత మిగతాదంతా దానంతట అదే సరిపోతుంది.

చప్పట దొరక్కపోయినా ఇబ్బంది లేదు. కెమెరా కూడా తనకు వినబడిన నాసిరకం శబ్దాన్ని రాసుకుంటూ ఉంటుంది. అందులోనూ రికార్డర్లోనూ పడిన ఒకే మోతను పట్టుకుని రెండింటినీ కలపొచ్చు. కలిపాక కెమెరా శబ్దాన్ని తీసేస్తాం. దాన్ని ఎవరూ వినరు. కానీ ఏది ఎప్పుడు జరిగిందో తెలిసిన సాక్షి అదొక్కటే. దాన్ని తీసేశాక, మాటను బొమ్మ మీద ఎటు జరిపినా అడ్డు చెప్పేవాళ్లు ఉండరు.

ఇక మా ఊరు. గురజాల వైపు, ఒక గుట్ట కింద ఉంటుంది. గుట్టకు పడమటి వైపు నాపరాయి క్వారీ. తూర్పు వైపు మిర్చి కల్లాలు. ఎండాకాలం వచ్చిందంటే కోసిన మిరపకాయలన్నీ అక్కడే ఆరబోస్తారు. రోజూ మధ్యాహ్నం క్వారీలో రాయి పగలడానికి మందు తూటా పేలుస్తారు. ఊరంతా ఒక్కసారి అదురుతుంది. కాసేపటికి తెల్లటి దుమ్ము గుట్ట దాటి కిందికి దిగుతుంది. క్వారీ పడమట ఉన్నప్పుడే ఇంత దుమ్ము. తూర్పుకొస్తే కల్లాల్లో కాయ మీద ఎరుపు కనపడదు. దుమ్ము పట్టిన కాయను మిర్చి యార్డులో నాసిరకం తాలుకాయ కింద పక్కకు నెట్టేస్తారు.

ఆ క్వారీ మా ఊరి ప్రెసిడెంటు గారి బావమరిదిది. నిజానికి సర్పంచి ప్రెసిడెంటు గారి భార్య. కుర్చీ ఆమెది, సంతకం ఆమెది. మైకు, మాట, మర్యాద ఈయనవి. ఊళ్లో ప్రెసిడెంటు గారు అంటే ఈయనే.

గ్రామసభ వీడియో తీయించాలని ఆయన మా స్టూడియో ఓనరుకు ఫోన్ చేస్తే, "నీ ఊరే గదా, నువ్వే పో" అని నన్ను పంపాడు. స్కూలు వరండాలో సభ. నేను కెమెరా స్టాండు మీద పెట్టి, రికార్డర్ తగిలించి, కెమెరా ముందుకొచ్చి గట్టిగా చప్పట కొట్టాను. అంతే, ముందు వరసలో ఆడవాళ్లు మొదలుపెట్టారు, వెనక మగవాళ్లు అందుకున్నారు, వరండా మొత్తం చప్పట్లతో మారుమోగింది. పిలిచిన ఇంట్లో ఎవరన్నా చప్పట్లు కొడితే మనమూ కొట్టాలి, లేకపోతే బాగుండదు. అది మా వాళ్ల మర్యాద. ఆగాక మళ్లీ కొట్టాను. మళ్లీ అందరూ కొట్టారు.

"ఒరేయ్, ఇంకా మొదలే కాలేదు గదా, ఎందుకు కొట్టిస్తన్నావు మా చేత?" అంది ముందు వరసలోని పెద్దమ్మ. ఆమె మా పక్కింటావిడ. చుట్టరికం లేదు, పిలుపు మాత్రం పెద్దమ్మే. అందరూ నవ్వారు. నేను చప్పట ఆశ వదులుకున్నాను. మధ్యాహ్నం తూటా ఎలాగూ పేలుతుంది, అంతకంటే మంచి గుర్తు దొరకదు అనుకున్నాను.

ప్రెసిడెంటు గారికి శాలువా కప్పారు. ఫోన్లలో తీసేవాళ్లు దాన్ని తీసి, ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. టీ ఇచ్చారు. అందరి చేతుల్లో పేపరు గ్లాసులు. అప్పుడు నేను కెమెరాను జనం వైపు తిప్పాను. ప్రెసిడెంటు గారు కెమెరా వెనక నుంచి మైకులో అడిగారు: "మంచినీళ్ల ట్యాంకు పగిలి కారతా ఉంది. కొత్తది కట్టించాలనేవాళ్లు చేతులెత్తండి."

ఎడమచేతిలో గ్లాసు, కుడిచెయ్యి పైకి. ఎత్తని చెయ్యి లేదు. అందరికంటే ముందు, అందరికంటే పైన పెద్దమ్మ చెయ్యి. చేతులు ఇంకా గాల్లో ఉండగానే తూటా పేలింది. కెమెరా స్టాండు నా చేతికింద వణికింది. అందరూ చేతులు దించారు.

తర్వాత రెండో మాట. "గుట్టకి తూరుపు వైపు కూడా క్వారీకి ఇచ్చేదానికి సమ్మతమైనవాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. "ఉన్న దుమ్ము చాల్లేదా?" అని ఎవరో వెనకనుంచి అరిచారు. "కాయలు నీ డాబా మీద పోసుకోమంటావా?" అని ఇంకొకరు. క్వారీలో పనికిపోయేవాళ్లు కూడా తలలు దించుకుని టీ తాగారు గానీ చెయ్యెత్తలేదు. ప్రెసిడెంటు గారు "సరే సరే, దీని సంగతి మళ్లీ మాట్లాడుకుందాం" అని సభ ముగించారు. నా కళ్ల ముందు జరిగింది ఇది. ఇంతే.

నరసరావుపేటకు వెళ్లి, తూటా మోతను పట్టుకుని బొమ్మనూ మాటనూ కలిపాను. చక్కగా కుదిరింది. సాయంత్రం ప్రెసిడెంటు గారు స్టూడియోకు వచ్చారు. ఓనరు కుర్చీ వేయించాడు, కూల్‌డ్రింకు తెప్పించాడు.

"అబ్బాయ్, చానా బాగా తీశావు" అన్నారు ఆయన, స్క్రీన్ వైపు చూస్తూ. "ఇదుగో, ఈ చేతులెత్తింది ఉంది గదా, దీని మీద ఆ రెండో మాట పడాల."

"అది ట్యాంకుకి ఎత్తిందండీ."

"ఎత్తారా లేదా?"

"ట్యాంకుకి ఎత్తారు."

"చేతులు వాళ్లయే గదా? పక్కూరోళ్ల చేతులు తెచ్చి అతికించమన్నానా నేను?"

ఓనరు పకపకా నవ్వాడు. అంత గొప్ప జోకు ఆయన ఈ మధ్య విన్నట్టు లేదు. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. మనిషి చెయ్యి మనిషిదే గానీ, అది దేనికి లేచిందో చెప్పే హక్కు మైకు ఉన్నవాడిది అన్నమాట.

"నేను చెయ్యనండీ" అన్నాను.

"కొంచెం జరిపితే ఏం పోద్దిరా?" అన్నాడు ఓనరు. "నిన్నగాక మొన్న ఆ పెళ్లిలో తాళి కట్టేటప్పుడు మేళం జరపలా?"

"మేళం జరిపితే పెళ్లి మారదు."

"ఒరేయ్, చదువుకున్నోళ్లని పెట్టుకుంటే ఇదే గోల. లే."

లేచాను. నా కుర్చీలో ఓనరే కూర్చున్నాడు. కెమెరా శబ్దం ట్రాకును తీసేశాడు. మాటను మౌసుతో పట్టుకుని ఎడమవైపు లాగాడు. 'సమ్మతమైనవాళ్లు చేతులెత్తండి' అన్నది వచ్చి, ఎత్తిన చేతుల కింద ఆగింది. దాని తర్వాత వినపడే అరుపులను కోసేసి సన్నగా వీణ సంగీతం పెట్టాడు. మాట్లాడే మనిషి కెమెరా వెనక ఉన్నాడు కాబట్టి పెదవులు తేడా పట్టించే భయం కూడా లేదు. ఆయన చేస్తున్నది చూస్తూ నిలబడ్డాను. ఒక ఊరి మొత్తం మాటను తిరగేయడానికి మౌసు అంత దూరం కదిలితే చాలు. ఒక జానెడు కూడా కాదు. నా హెడ్‌ఫోన్స్ సంచిలో వేసుకుని ఆ సాయంత్రమే ఊరికి వచ్చేశాను. మళ్లీ ఆ స్టూడియో మెట్లు ఎక్కింది ఒక్కసారే, అసలు ఫుటేజీ అడగడానికి.

"కార్డు ఫార్మాట్ కొట్టేశా, తర్వాతి పెళ్లికి కావాల గదా" అన్నాడు ఓనరు, నా వైపు చూడకుండా. రికార్డర్ కూడా ఖాళీ. కంప్యూటర్లో ఫోల్డరు లేదు.

అప్పటికే వీడియో మా ఊరి వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. 'గ్రామసభ ఏకగ్రీవ ఆమోదం' అని పైన పూల అక్షరాలు. తీర్మానంతో పాటు ఇదే వీడియోను పై ఆఫీసుకు పంపారు.

ఊరు ఊరంతా ఆ రోజు అక్కడే ఉంది కదా, అబద్ధమని అందరికీ తెలియదా అని మీరు అడగొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. అబద్ధం నమ్మినందుకు కాదు నాకు కోపం, అది వాళ్ల మధ్యకు ఎలా దూరిందో చూసినందుకు. వెనక కూర్చున్నవాళ్ల చేతులు వీడియోలో సరిగా కనపడవు. ముందు కూర్చున్న ఆడవాళ్లవి స్పష్టంగా కనపడతాయి. రెండు రోజుల్లో మాట ఇలా తిరిగింది: మేం ఎత్తలేదు, ముందు వరస వాళ్లే ఎత్తారు. వాళ్లకేదో ముట్టి ఉంటుంది.

పెద్దమ్మ కల్లం, ఆమె తోటికోడలి కల్లం పక్కపక్కనే, గుట్ట తూర్పు మొదట్లో. క్వారీ ఇటు జరిగితే మొదట పోయేవి ఆ రెండే. ఆ తోటికోడలు బోరింగు దగ్గర అందరూ వినేట్టు అన్న మాటలు నేనే విన్నాను.

"చెయ్యి మాత్రం జెండా కర్ర మాదిరి నిలబెట్టింది. ఇప్పుడు నాకేం తెలవదంట!"

"ఏమే, నేను ట్యాంకుకి ఎత్తానే! నువ్వు నా పక్కనే ఉన్నావు గదా!"

"ఉన్నా. నేను ఎత్తింది ట్యాంకుకి. నువ్వు ఎత్తింది దేనికో ఫోన్లో చూపిస్తన్నారుగా."

పెద్దమ్మ బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది. ఆ సాయంత్రం మా గుమ్మంలో కూర్చుని నా ఫోన్లో ఆ వీడియో పెట్టించుకుంది.

"ఒరేయ్, తీసింది నువ్వే గదా. నేను దేనికి ఎత్తానో చెప్పు."

"ట్యాంకుకి, పెద్దమ్మా."

"మరి ఇందులో దేనికి ఎత్తా?"

నేను వీడియో ఆపేశాను.

"పదిసార్లు చూశానురా. పదోసారి నాకే అనుమానం వచ్చింది, ఏమరపాటున రెండోసారి కూడా ఎత్తానేమోనని. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేకుండా చేశారు గదరా ఈ ముండాకొడుకులు." ఆమె ఏడవలేదు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది.

పెద్దమ్మ గురజాల డివిజన్ ఆఫీసుకు బస్సెక్కి వెళ్లి అర్జీ ఇచ్చింది. విచారణకు వస్తామన్నారు. ఆ లోపల నేను నాకు తెలిసిన పద్ధతిలో ఊరికి అర్థమయ్యేలా చెప్పబోయాను. కాగితం మీద రెండు గీతలు గీశాను. పైది బొమ్మ, కిందది మాట. తూటా ఎక్కడ పేలిందో గుర్తు పెట్టాను. చేతులెత్తిన చోట తూటా మోత ఉండాలనీ, వీడియోలో అది లేదనీ, కాబట్టి మాట వేరేచోటు నుంచి వచ్చిందనీ వరసగా చెప్పాను. ఒకటి, రెండు, మూడు అని వేళ్లు మడిచి మరీ చెప్పాను.

"తూటా మోత వినసొంపుగా ఉండదని తీసేశారంట అబ్బాయ్, ప్రెసిడెంటు గారే చెప్పారు" అన్నాడు టీకొట్టు ఆయన.

"ఉజ్జోగం పీకేశారంట గదా, ఆ కడుపుమంటతో చెప్తన్నావని కూడా అన్నారు" అన్నాడు ఇంకొకాయన, మొహమాటంగా.

శబ్దాన్ని తీసేశారు అని చెప్పడానికి ఆ శబ్దమే సాక్ష్యం కావాలి. ఆ శబ్దాన్ని చెరిపేసినవాళ్లే, ఏదీ చూపించు అని నిలదీస్తున్నారు. ఇంతకు మించిన దబాయింపు ఉంటుందా? నేను రోజంతా ఆ వీడియోను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ కూర్చున్నాను. వీణ కింద ఎక్కడన్నా తూటా మోత తోక మిగిలి ఉంటుందేమోనని వెతికాను. గ్రాఫు పెద్దది చేసి చూశాను. ఓనరు ఎన్ని చెప్పినా పనివాడు. శుభ్రంగా తుడిచాడు.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మకు అన్నం క్యారేజీ ఇవ్వడానికి కల్లానికి వెళ్లాను. ఆమె కాయలు తిరగేస్తోంది. గొడుగు కింద కూర్చున్నాం. ఫ్లాస్కులోంచి స్టీలు గ్లాసులో టీ పోసుకుంది. నాకు పోయబోతే వద్దన్నాను.

"ఆ ఆఫీసరు వస్తే ఏం చెప్తావురా? ఆ గీతలేనా?"

"అవే, పెద్దమ్మా."

"ఆ గీతలు చూసి నాకే నిద్దరొచ్చింది. ఆయనకి..."

తూటా పేలింది. నేల అదిరింది. పెద్దమ్మ మాట ఆగలేదు. "ఆయనకి రాదా ఏంది?" అంటూనే, కుడి అరచేతిని గ్లాసు మీద మూతలా పెట్టింది. దుమ్ము పడకుండా. మా ఊళ్లో ఎవరైనా చేసేది అదే. అన్నం తింటుంటే కంచం మీద, నీళ్లు తాగుతుంటే గ్లాసు మీద. తూటా విన్నాక దుమ్ము దిగేలోపు ఆ కాస్త వ్యవధిలో చెయ్యి దానంతట అది వెళుతుంది. చిన్నప్పటి నుంచి ఎంత చూశానంటే, అసలు చూడటమే మానేశాను.

"పెద్దమ్మా, చెయ్యి తియ్యొద్దు."

"ఏందిరా? ఫొటో తీస్తావా?"

ఫోన్‌కు తగిలించి ఉన్న హెడ్‌ఫోన్స్ లాగేసి వీడియో పెట్టాను, సౌండు పూర్తిగా తీసేసి. చేతులు లేచాయి. గాల్లో ఉన్నాయి. ఒక్కసారిగా అన్నీ కిందికి దిగాయి. ఇన్నాళ్లూ దిగాయనే అనుకున్నాను. దిగి ఎక్కడికి పోయాయో చూడలేదు. ఒళ్లోకి పోలేదు. ప్రతి కుడిచెయ్యీ తిన్నగా ఎడమచేతిలోని పేపరు గ్లాసు మీదికి వెళ్లి మూతపడింది. ముందు వరసలో, వెనక వరసలో, గోడకు ఆనుకున్నవాళ్లు, అందరూ. పెద్దమ్మది కూడా. తోటికోడలిది కూడా. తెరమీద మాత్రం హాయిగా వీణ మోగే చోటు అది.

ఓనరు పేటవాడు. ఆ ఊళ్లో తూటాలు లేవు. చేతులు ఎత్తారు, దించారు, అంతే అనుకుని ఉంటాడు.

"తూటా లేకుండా గ్లాసు ఎందుకు మూశాం?" అంది పెద్దమ్మ నెమ్మదిగా. తర్వాత గట్టిగా నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదటిసారి. "ఒరేయ్, ఇది నాక్కూడా అర్థమయిందిరా!"

విచారణ రోజు క్వారీ ఆపేశారు. అధికారి వస్తున్నాడని తెలుసు కదా. గుట్ట అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. పంచాయతీ ఆఫీసు గది నిండా జనం, కిటికీల దగ్గర జనం. ప్రెసిడెంటు గారు అధికారి పక్కన కుర్చీలో. అందరికీ టీలు. గోడ మీద టీవీలో వీడియో చూపించారు. నేను లేచి, ఒకసారి సౌండు లేకుండా పెట్టమన్నాను. చేతులు గ్లాసుల మీదికి వెళ్లే చోట ఆపించాను.

"ఇందులో ఏముంది?" అన్నాడు అధికారి. మంచి మనిషే. విసుక్కోలేదు. కానీ ఆయనది సముద్రం వైపు ఊరు.

"తూటా పేలితేనే మా వాళ్లు గ్లాసు మూస్తారండీ. పేలింది ట్యాంకు గురించి అడిగినప్పుడు. క్వారీ గురించి అడిగింది తర్వాత. ఈ బొమ్మ ఆ మాటది కాదు."

కిటికీల దగ్గర కలకలం రేగింది. "అవును గదా!" "చూడరా, మీ అయ్య కూడా మూశాడు." టీకొట్టు ఆయన నాకేసి చూసి తల ఊపాడు.

ప్రెసిడెంటు గారు చిరునవ్వు నవ్వారు. "సార్, ఈగలుంటాయి, దోమలుంటాయి. టీ మీద చెయ్యి పెట్టుకుంటే దానికో అర్థమా? మీరే చూస్తన్నారుగా. పొద్దుట్నించీ కూర్చున్నారు, ఏదన్నా చప్పుడుందా? దుమ్ముందా? ప్రశాంతమైన ఊరు సార్ మాది."

అధికారి ఆలోచనలో పడ్డాడు. "యాదృచ్ఛికం కావచ్చు కదా?" అన్నాడు నాతో.

గోడవారగా ఇనప బీరువా ఉంది. దాని పక్కన పెద్దమ్మ నిలబడి ఉంది. బీరువా తలుపు తెరిచి ఉంటే, రెండు చేతులతో పట్టుకుని బలమంతా పెట్టి ధామ్మని మూసింది.

గది అదిరింది. అధికారి ఉలిక్కిపడి టీ కాగితాల మీద ఒలకపోసుకున్నాడు. అందరూ కాదు గానీ, గదిలో గ్లాసు పట్టుకున్నవాళ్లలో చాలామంది కుడిచేతులు వెళ్లి గ్లాసుల మీద పడ్డాయి. నా పక్కనున్నాయనది. తలుపు దగ్గరున్నాయనది.

ప్రెసిడెంటు గారిది.

ఆయన దాన్ని వెంటనే తీయలేదు. తీస్తే అందరూ చూస్తారని కాబోలు. అధికారి ఆ చేతి వైపు చూశాడు.

"ఎందుకు మూశారండీ?"

"అలవాటు సార్."

"దేనికి అలవాటు?"

కిటికీలోంచి ఎవరో "ప్రశాంతతకి సార్!" అని అరిచారు. గది మొత్తం గొల్లుమంది. ఆ నవ్వులో తోటికోడలు పెద్దమ్మ దగ్గరకొచ్చి నిలబడింది. క్షమాపణ అడగలేదు, మా వాళ్లకు ఆ అలవాటు లేదు. "చెయ్యి నొప్పి పుట్టిందా?" అని మాత్రం అడిగింది. పెద్దమ్మ మొహం తిప్పుకోలేదు.

ఆ వీడియోను లెక్కలోకి తీసుకోవడం లేదనీ, తన ఎదుట మళ్లీ సభ పెట్టాలనీ చెప్పి అధికారి వెళ్లిపోయాడు. అంతే. మాటను ఎవరు జరిపారు, ఎవరు జరపమన్నారు అని ఒక్కరూ అడగలేదు. ఓనరు ఈ సీజన్లో కూడా పెళ్లిళ్లు ఎడిట్ చేస్తున్నాడు. ప్రెసిడెంటు గారికి ఇంకా శాలువాలు కప్పుతున్నారు. తప్పు దొరికింది, చేసినవాళ్లు మాత్రం దొరకనట్టే లెక్క. దీనికి నేను ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా ఎవరూ చెప్పలేదు, అందుకని అందరి మీదా ఉంది.

రెండో సభకు కెమెరా నేనే పట్టాను, డబ్బు తీసుకోకుండా. ఈసారి రికార్డర్ లేదు. మైకు వైరును నేరుగా కెమెరాకే కలిపాను, మాట బొమ్మ ఒకే పెట్టెలో పడేలా. మైకు అధికారి చేతిలో ఉంది. చప్పట కొట్టలేదు. మొదట ట్యాంకు మాటే వచ్చింది. అది ఇంకా కారుతూనే ఉంది.

"కొత్త ట్యాంకు కావాలనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు అధికారి.

ఎవరూ ఎత్తలేదు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు వరసలో పెద్దమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

"ఏమ్మా, మీకు ట్యాంకు వద్దా?"

"కావాలయ్యా. నీళ్లు లేక చస్తన్నాం."

"మరి చెయ్యెత్తండి."

"ఎత్తను." ఆమె లేచి మైకు దగ్గరికి వచ్చింది, కెమెరాకు ఎదురుగా, పెదవులు కనపడేట్టు. నా వైపు చూసి, "కెమెరాలో పడతన్నానా?" అని అడిగింది. తల ఊపాను.

"నాకు మంచినీళ్ల ట్యాంకు కావాల. తూరుపు గుట్ట క్వారీకి ఇయ్యటం నాకు సమ్మతం లేదు. ఇది నా నోటితో నేను చెప్తన్నా. చెయ్యి ఎత్తితే దాన్ని ఎవరన్నా ఏ మాట మీదన్నా పెట్టుకుంటారు."

వెళ్లి కూర్చుంది. ఆమె వెనక తోటికోడలు లేచింది. తర్వాత ఇంకొకరు. వరండాలో మైకు దాకా వరస కట్టారు. తమ వంతు రాగానే ఒక్కొక్కరూ ఆ రెండు మాటలూ పూర్తిగా, తొందర లేకుండా చెప్పారు. అధికారి రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. నేను ఎవరి ముఖం దగ్గరా కెమెరా కదపలేదు.